నెలలు నిండని బిడ్డ – తల్లిపాలు



బిడ్డ నెలలు నిండకయే పుట్టినప్పుడు ఇంటిలో మొట్టమొదట వినవచ్చు మాట "తల్లికి పాలు పడలేదు" అనునది. పెక్కుచోట్ల ఈ మాట సత్యము కాదు. పాలు లేకపోవుట వేరు. పాలు త్రాగుటకు బిడ్డకు శక్తి చాలకుండుట వేరు. ఈ భేదము నెరుగకపోవుటచేతనే మూడవనాటికే డబ్బాపాలు ఇంట ప్రవేశించుచున్నవి.

37 వారములు నిండకమునుపు కలిగిన శిశువును వైద్యులు నెలలు నిండని బిడ్డ యందురు. చప్పరించుట, మ్రింగుట, ఊపిరి తీయుట – ఈ మూడింటిని ఒకదానితో నొకటి పొందించుకొను నేర్పు సాధారణముగ 32 మొదలు 34 వారములు గడచినగాని అలవడదు. అంతకుముందు పుట్టిన బిడ్డ రెండు గుక్కలు చప్పరించి అలసి నిద్రపోవును. లేదా పొలమారి ఊపిరి కందక తల్లడిల్లును. ఇందు తల్లి దోష మేమున్నది? ఏడవనెల బిడ్డ బ్రతుకును, ఎనిమిదవనెల బిడ్డ బ్రతుకదని మనవారు చెప్పు మాటయు నిలువదు. గర్భమున గడచిన ప్రతి వారమును బిడ్డకు బలమే.

మా పొరుగింటి అమ్మాయికి ఏడవనెల దాటిన కొలదిదినములకే 1400 గ్రాముల ఆడుబిడ్డ కలిగినది. బిడ్డను అద్దాలపెట్టెలో నుంచి, ముక్కుగుండ కడుపులోనికి సన్నని గొట్టము వేసిరి. బిడ్డ నోరు తాకని రొమ్మున పాలెట్లు నిలుచునని అత్తగారు ఆశ వదలుకొనిరి. ఆసుపత్రి నర్సమ్మ మాత్రము కొన్ని గంటలలోనే చేతితో పాలు పిండించినది. వచ్చినవి నాలుగు చుక్కలు. "ఇంతేనా?" అని ఆ పిల్ల కంట నీరు పెట్టుకొనగా, "ఆ కడుపున కిప్పుడింతే చాలునమ్మా, ముర్రుపాలు ఒక్క చుక్కయు పారబోయకుము" అని ఆమె సిరంజితో తీసికొనిపోయినది. మూడు వారములు గొట్టముతోను, ఉగ్గుగిన్నెతోను ఆ పాలే పట్టిరి.

ఇట్టి తల్లి పాలలో తొలివారములందు మాంసకృత్తులు అధికముగ నుండును. ఈ శిశువులను కబళించు భయంకరమైన ప్రేగుల వ్యాధినుండి తల్లిపాలు చాలవరకు కాపాడును.

ఇక పాలు నిలుపుకొను విధము. రొమ్ము ఖాళీ యైనకొలదియు పాలు ఊరును. కావున బిడ్డ త్రాగకున్నను రెండుమూడు గంటల కొకమారు, దినమునకు 8 మారులకు తక్కువ గాకుండ పిండవలయును. రాత్రి మారును విడువరాదు. చేతులు సబ్బుతో కడిగికొని, చనుమొన చుట్టునుండు నల్లని వలయపుటంచున బొటనవ్రేలిని పైనను, చూపుడువ్రేలిని క్రిందను ఉంచి, మొదట ఎదవైపునకు అదిమి, పిదప వ్రేళ్ళను దగ్గరకు నొక్కి వదలవలయును. మొనను లాగరాదు, వ్రేళ్ళను చర్మముపై జారనీయరాదు. రెండునిమిషములు చుక్క రాకున్నను విడిచి లేవరాదు.

బిడ్డ స్పర్శచేతను, దర్శనముచేతను, తలంపుచేతను స్తన్యము ప్రవర్తించునని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. కోపశోకములచే అది నశించునని కూడ అందే కలదు. నేటి వైద్యులును ఇంచుమించుగ ఇదియే చెప్పుదురు. బిడ్డ కప్పుకొనిన గుడ్డను దగ్గర నుంచుకొని పిండిన, పాలు సులభముగ దిగును. బాలింతను "నీకు పాలు లేవు" అని పొడుచువారు ఈ రెండవ మాటను మరిమరి చదువుదురు గాక!

1978లో కొలంబియాదేశపు బొగోటా నగరమున అద్దాలపెట్టెలు చాలక, డాక్టరు ఎడ్గార్ రేయ్ గారు శిశువులను తల్లుల రొమ్మునకే కట్టించిరి. తల్లి యెదపై, నడుమ వస్త్రము లేకుండ, బిడ్డను నిలువుగ నుంచి పైన గుడ్డ చుట్టుటయే ఈ పద్ధతి. దీనిని పుట్టిననాటినుండియే, దినమునకు 8 గంటలకు తక్కువ గాకుండ జరుపవలెనని 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ తెలిపినది. తల్లి అలసినప్పుడు తండ్రియు ఎత్తుకొనవచ్చును. మగవారికి సిగ్గెందులకో మాకు తెలియదు.

బిడ్డ చప్పరింప నేర్చునపుడు మొదట పిండివేసిన రొమ్మునే నోట నుంచిన, పొలమారకుండ అభ్యాసమగును. బిడ్డ దేహమును చంకక్రిందుగ ఇముడ్చుకొని, మెడను, తలమొదలును అరచేత నానించి పట్టిన నోరు జారదు. త్రాగుచు నిద్రించిన అరికాలు నిమిరి లేపవలెను. చాలనంత పాలను పిండి ఉగ్గుగిన్నెతో పట్టవలెనే గాని సీసాకు తొందరపడరాదు. తేనె, ఆముదము, పంచదార నీరు – ఇవి యేవియు వలదు. బిడ్డ చల్లబడినను, లేపినను త్రాగకున్నను, పొట్ట ఉబ్బినను, ఊపిరి వేగమైనను తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి తీసికొనిపోవలయును.

పథ్యము పేరిట బాలింతకు మంచినీళ్ళు కొలిచి యిచ్చుట, కూరలు మాన్పించుట క్రూరము. దాహమైనంత త్రాగనిండు, ఆకలియైనంత తిననిండు.

ఇంతచేసినను పాలు చాలని తల్లులు కొందరుందురు. వారికొరకు 1989లో ముంబయి సయన్ ఆసుపత్రిలో డాక్టరు ఆర్మిడా ఫెర్నాండెజ్ గారు తల్లిపాల బ్యాంకు నెలకొల్పిరి. హైదరాబాదు నీలోఫరు ఆసుపత్రిలోను 2017లో అట్టిది ఏర్పడినది. ఇతర తల్లులు దానము చేసిన పాలను పరీక్షించి, వేడిచే శుద్ధిపరచి, ఇట్టి శిశువుల కిత్తురు. డబ్బా తెరువకమునుపు దీనినిగూర్చి డాక్టరు నడుగవలయును.