నీట మునుగుట, దేవుని నెరుగుట

చోడవరమనగానే మన సోదరీమణులకు స్వయంభూ విఘ్నేశ్వరుని ఆలయమును, చెరకుతోటలును, బెల్లపు పెనములును తలపునకు వచ్చును. చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022వ సంవత్సరమున అనకాపల్లి జిల్లాలో చేరిన యీ పట్టణమందును, చుట్టుపట్ల పల్లెలందును క్రైస్తవ కుటుంబములు కూడ కలవు. ఒక్క వీథిలో కాపురముండి, పండుగనాడు పిండివంటలు ఇచ్చిపుచ్చుకొను స్త్రీలకు సైతము పొరుగింటివారి నమ్మకము సరిగా తెలియకపోవుట కలదు. "నీట మునిగినంత మాత్రమున దేవుడు దగ్గరకు వచ్చునా?" అని పలువురు అడుగుదురు. ఇది ఎగతాళి ప్రశ్న కాదు. బాప్తిస్మము పొందిన స్త్రీలును తమలో తాము ఈ ప్రశ్న వేసికొనుచునే యుందురు. కావున దీనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

బాప్తిస్మమను మాట గ్రీకు భాషనుండి వచ్చినది. ముంచుట యని దాని యర్థము. యొర్దాను నదిలో యోహానుచేత యేసు బాప్తిస్మము పొందెనని సువార్తలు చెప్పుచున్నవి. రోమను కతోలికులు దీనిని జ్ఞానస్నానమందురు. వారు పసిబిడ్డలకే తలపై నీరు పోయుదురు. బిడ్డ తరఫున తల్లిదండ్రులును జ్ఞానతల్లిదండ్రులును ప్రమాణము చేయుదురు. బాప్టిస్టు సంఘములవారు అట్లుగాక, తెలివి వచ్చి, తమ నోట తాము విశ్వాసము నొప్పుకొన్నవారినే నదిలోనో తొట్టిలోనో పూర్తిగా ముంచుదురు. మునుగుట పాత బ్రతుకు చచ్చుటకును, లేచుట క్రీస్తుతో క్రొత్త బ్రతుకు నారంభించుటకును గురుతులు. విధానములు వేరైనను, నీరొక్కటియే చాలుననియు, తరువాతి నడవడితో పనిలేదనియు ఏ సంఘమును బోధింపదు.

ఈ విషయము మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1805లో లండను మిషనరీ సంఘమునకు చెందిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ అనువారు విశాఖపట్టణము వచ్చి తెలుగు నేర్చిరి. ఆనందరాయరను బ్రాహ్మణుని సాయమున సువార్తలను తెలిగించుటకు పూనుకొనిరి. మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. అప్పటికే ఆ దొరలిరువురును గతించిరి. తాము నాటిన చెట్టు నీడలో వారు కూర్చుండలేదు.

అటు పిమ్మట పేరుగాంచినవారు పురుషోత్తమ చౌదరిగారు. వీరు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. ముక్తిమార్గమును వెదకుచున్న కాలమున, శ్రీకాకుళములోని హెలెన్ నాట్ అను దొరసానివలన సువార్త వినిరి. 1833లో కటకమునకు పోయి బాప్తిస్మము పొందిరి. అది ఒక్కనాటి కార్యము. ఆ పిమ్మట వీరు 1890 వరకు, అనగా ఏబదియేడేండ్లు జీవించి, మన రాగతాళములలో క్రీస్తును గూర్చిన కీర్తనలు రచించిరి. "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" అను గ్రంథమున చేరిన ఆ పాటలను నేటికిని స్త్రీలు దేవాలయమునందును, ఇంటి ప్రార్థనలందును పాడుచుందురు. చౌదరిగారి మనస్సులో దైవసాన్నిధ్యము ఎట్లుండెనో తెలిసికొనవలెనన్న, నదీతీరమునకంటె ఆ పాటలలో వెదకుటయే మేలు.

గురుతునకును, లోని నమ్మికకును గల సంబంధమును ఒంగోలు చరిత్ర ఇంకను స్పష్టముగా చూపును. అక్కడ చర్మవ్యాపారము చేయు ఎర్రగుంట్ల పేరయ్య యనునాయన బాప్తిస్మమునకు పూర్వమే యోగగురువుల నాశ్రయించి దేవుని వెదకినవాడు. ఆయనయు, ఆయన భార్య నాగమ్మయు 1866లో బాప్తిస్మము పొందిరి. పదేండ్లు గడచునప్పటికి ధాతనామ సంవత్సరపు ఘోరమైన కరవు వచ్చిపడెను. అమెరికను బాప్టిస్టు బోధకుడగు జాన్ క్లౌగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. ఆ కాలమున వేలకొలది జనులు బాప్తిస్మము కోరిరి. ఆయన పదునైదు మాసములు ఎవ్వరికిని ఈయలేదు. గంజికొరకు వచ్చినవారెవరో, దేవునికొరకు వచ్చినవారెవరో అట్టి దినములలో తెలియుట కష్టము గదా! కరవుసాయము ముగిసిన తరువాతనే ద్వారము తెరచిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు దేశీయ బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీట నిలిచి ఆ కార్యము నడపిరి. లోకము ఆ సంఖ్యను పొగడును. మాకు మాత్రము ఆ పదునైదు మాసములు ఓపికతో ఆగుటయే గొప్పగా తోచుచున్నది.

నేడు చిక్కు మరియొక విధమైనది. 1950వ సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తరువు ననుసరించి షెడ్యూల్డు కులములవారికి గల హక్కులు హిందువులకును, 1956 నుండి సిక్కులకును, 1990 నుండి బౌద్ధులకును వర్తించును, క్రైస్తవులకు వర్తింపవు. ఆంధ్రప్రదేశమున ఆ కులములనుండి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతులలో "సి" విభాగమున చేరుదురు. వారికి ప్రత్యేకింపబడినది నూటికి ఒక్క వంతు. బిడ్డల చదువును, కొలువును తలచుకొని, మనసార నమ్మియు బాప్తిస్మమునకు వెనుదీయు తల్లులు కలరు. వారిని పిరికివారని దూషించుట సులభమే. వారి బిడ్డల బరువును మోయుట సులభము కాదు.

ఇక దైవసాన్నిధ్యము మాట. బాప్తిస్మమునాడు కొందరికి ఆనందబాష్పములు పొంగును. కొందరికి చలి తప్ప మరేమియు తోచదు. అట్టివారు తమ నమ్మిక బూటకమేమో యని బెంగపడ నక్కరలేదు. చోడవరపు సోదరీమణులకు తెలిసిన సంగతియే చెప్పుదుము. చెరకురసము పెనములో పోసినంతనే బెల్లము కాదు. మంట సమముగా నుండవలెను, తెట్టు తీయుచుండవలెను, పాకము వచ్చువరకు కలుపుచుండవలెను. వేకువజామున చేసికొన్న ప్రార్థన, రోగి ప్రక్క మేలుకొన్న రాత్రి, నోటివరకు వచ్చి ఆపుకొన్న కఠినోక్తి, లేనివారికి పెట్టిన పిడికెడు మెతుకులు: ఇట్టివానియందే దేవుడు తోడుగా నున్నాడని పెక్కుమంది స్త్రీలకు మెల్లమెల్లగా తెలియవచ్చును.

ఇంటిలో కూతురో కోడలో బాప్తిస్మము కోరినచో పెద్దలు కలవరపడుట సహజము. ఆశ చూపి ముంచుట యెంత తప్పో, భయపెట్టి ఆపుటయు అంత తప్పే. ఆమె యేల కోరుచున్నదో నెమ్మదిగా అడుగుడు. చెప్పుకొనుటకు వ్యవధి నిండు. కోరిన యామెయు తొందరపడక, తన మనస్సును తాను పరీక్షించుకొనవలెను. తడిసిన చీర సాయంకాలమునకే ఆరిపోవును. ఆ పిమ్మట ఆ యింట మాట మెత్తబడినదా, పొరుగువారి ఆకలి కంటబడుచున్నదా యని చూచిన, మొదట మన మడిగిన ప్రశ్నకు బదులు అక్కడనే దొరకును.