మొదటి లినక్స్: పాటకా, ఆటకా?

కంప్యూటరుకు తగిలించిన కీబోర్డుపై మెట్టు నొక్కారు, స్వరం కాస్త ఆగి వినిపించింది. ఇక తాళం ఎలా కుదురుతుంది? ఈ ఆలస్యం ఎందుకో చూద్దాం. కంప్యూటరు ధ్వనిని సాధారణంగా సెకనుకు 48,000 నమూనాలుగా, గుంపులు గుంపులుగా పంపుతుంది. గుంపుకు 1024 నమూనాలైతే 21 మిల్లీసెకన్లు పడుతుంది. 128 అయితే మూడు కూడా పట్టదు. అయితే గుంపు మరీ చిన్నదైతే ప్రాసెసరు అందుకోలేదు, టపటపమని చప్పుళ్లొస్తాయి. అందుకే ధ్వని వంతు రాగానే కెర్నెల్ మిగతా పనులు ఆపి దాన్ని పంపాలి.

కెర్నెల్‌కు ప్రోగ్రాములు జతచేసి ఇచ్చే కూర్పే డిస్ట్రిబ్యూషన్. ఉబుంటు స్టూడియోలో పై ఏర్పాటుతో పాటు ఆర్డోర్ వంటి రికార్డింగు ప్రోగ్రాములూ సిద్ధంగా ఉంటాయి. కొత్తవారికి ఇదే మేలని నా అభిప్రాయం.

మరి ఆటలో? విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే ప్రోటాన్‌ను వాల్వ్ సంస్థ 2018లో విడుదల చేసింది. స్టీమ్‌తో పాటే వస్తుంది కనుక ఆటల కోసం వేరే కూర్పు వెతకనక్కరలేదు. కాని వాలరెంట్‌లో మోసాన్ని పట్టే ప్రోగ్రాము విండోస్ కెర్నెల్‌లోనే తిష్ఠ వేస్తుంది. ఏ కూర్పు తెచ్చినా ఆ ఆట నడవదు. మీ స్నేహితులంతా అదే ఆడుతుంటే విండోస్‌ను తుడిచెయ్యకండి! ముందు పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడిపి, మీ సౌండుకార్డు పలుకుతుందో లేదో వినండి.