హెకెల్ బొమ్మలు - మన వాస్తవికత

చేప, కోడి, పంది, మనిషి పిండాలను వరసగా పేర్చిన బొమ్మను సైన్సు పుస్తకాల్లో చాలామంది చూసే ఉంటారు. పరిణామవాదాన్ని సమర్థించబోయే రచయిత ముందుగా ఆ బొమ్మనే ఉదాహరిస్తాడు. దాని వెనుక ఉన్న చరిత్ర సాహిత్య విమర్శకులకూ అవసరమైనదే.

పిండాల మధ్య పోలిక నిజం. స్పిరిట్‌లో భద్రపరచిన రెండు పిండాలకు పేరు చీటీలు అంటించడం మరచిపోయాననీ, అవి బల్లివో పక్షివో క్షీరదానివో ఇప్పుడు చెప్పలేననీ ఫాన్ బేయర్ 1828లో రాశాడు. వెన్నెముక గల జీవులన్నిటి పిండాల్లోనూ ఒక దశలో పృష్ఠవంశం, గొంతు పక్కల మడతలు, తోక కనిపిస్తాయి. చేపలో ఆ మడతలు మొప్పలకు ఆధారమవుతాయి. మనిషిలో అవే దవడగా, చెవిలోని చిన్న ఎముకలుగా, స్వరపేటిక మృదులాస్థిగా మారతాయి. అంటే పిండం పిండాన్నే పోలుతుంది గాని ఎదిగిన చేపను కాదు.

ఇది పుస్తకాల్లోని వాదం మాత్రమే కాదు. పిండంలో కంటిగిన్నె అడుగున చీలిక ఏర్పడి మూసుకుపోవడం చేపకూ కోడికీ మనిషికీ సమానమే. మనిషిలో అది ఏడో వారం నాటికి మూసుకోకపోతే బిడ్డ కోలొబోమా అనే కంటిలోపంతో పుట్టవచ్చు. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వంటి చోట్లకు తల్లిదండ్రులు అలాంటి బిడ్డలనే ఎత్తుకొని వస్తారు.

హెకెల్ ఈ పోలికను అతిగా సాగదీశాడు. పిండం తన పూర్వజీవుల ఎదిగిన రూపాలను వరసగా దాటి వస్తుందన్నాడు. 1868లో ఒకే అచ్చుదిమ్మెను మూడుసార్లు వాడి కుక్క, కోడి, తాబేలు పిండాలంటూ చూపాడు. విమర్శ వచ్చాక దాన్ని సవరించుకున్నా, తర్వాతి బొమ్మల్లోనూ తేడాలను తగ్గించాడు. రిచర్డ్‌సన్ బృందం 1997లో అసలు పిండాల ఫోటోలు తీసి, పరిమాణంలోనూ ఖండాల సంఖ్యలోనూ ఎంత తేడా ఉందో చూపింది. ఇంకా ముందరి దశలో, అండం విభజన చెందేటప్పుడు, కోడికీ మనిషికీ పోలిక తక్కువే.

దీనితో పరిణామవాదం కూలిపోలేదు. ఉమ్మడి పూర్వీకుల నుంచి వచ్చిన జీవుల్లో పోలికా ఉంటుంది, తేడా ఉంటుంది. కాని ఆ అతిశయోక్తి విరోధుల చేతికి ఆయుధమైంది. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి పుస్తకంలో పరిణామ పాఠమే లేకుండా పోయింది. ఇలాంటి కాలంలో చెల్లని రుజువును పట్టుకు వేలాడడం ప్రమాదం.

మన కథకులకూ ఇందులో హెచ్చరిక ఉంది. వర్గస్వభావం చూపే తొందరలో ప్రతి రైతునూ ఒకే రైతుగా, ప్రతి కార్మికుణ్ణీ ఒకే కార్మికుడిగా దించితే, అదీ ఒకే దిమ్మెతో మూడు బొమ్మలు అచ్చువేయడమే. సరైన సిద్ధాంతానికి తేడాలను చెరిపే అవసరం ఉండదు; వాటిని వివరించే శక్తి ఉంటుంది.