సుజుకి అంటే బండి కాదు, ఇంటిపేరు

మొన్న ఆదివారం శామీర్‌పేట చెరువు దగ్గర చాయ్ తాగుతూ రాజీవ్ రహదారి మీద పోయే కార్లు లెక్కపెట్టాను. పని లేక కాదు, ఈ ఎపిసోడ్ కోసమే. వెనక సుజుకి అని రాసి ఉన్నవే ఎక్కువ. పక్కనున్న మా తమ్ముణ్ణి అడిగాను, "సుజుకి అంటే ఏందిరా?" "కారు కంపెనీ అన్నా." కరెక్టే. కానీ జపాన్‌లో అడిగితే "మా పక్కింటాయన" అనే అవకాశం కూడా ఉంది!

ఎందుకంటే అది ఇంటిపేరు. జపాన్‌లో సాతో తర్వాత ఎక్కువమందికి ఉన్నది ఇదే, 17 లక్షలమందికి పైనే. సుజుకి మిచియో అనే ఆయన 1909లో హమామత్సులో మగ్గాలు తయారుచేసే కంపెనీ పెట్టాడు. కార్లు చాలా తర్వాత. 1982లో మారుతితో ఒప్పందం కుదిరింది, 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చింది. అలా ఒకాయన ఇంటిపేరు మన రోడ్డెక్కింది.

ఇంతకీ అర్థమేంటి? రాసే అక్షరాలు చూస్తే ఒకటి గంట, ఇంకోటి చెట్టు. కానీ అవి శబ్దం కోసం పెట్టుకున్నవేనంటారు. అసలు మాట కుమానో ప్రాంతం యాసలోదట. కోసిన వరి మోపుల్ని పొలంలో కుప్ప వేస్తారు కదా, ఆ కుప్ప పేరు. అంటే మన వరికుప్పే! మన దగ్గర కుప్పా అనే ఇంటిపేరు ఉన్నవాళ్ళకి వీళ్ళు చుట్టాలన్నమాట (సరదాకి అంటున్నా).

ఒకప్పుడు అక్కడ మామూలు జనం అధికారికంగా ఇంటిపేరు వాడకూడదు. 1875లో ప్రభుత్వం అందరికీ తప్పనిసరి చేసింది. తర్వాత వలసలతో ఈ పేర్లు హవాయి, కెనడా, బ్రెజిల్ చేరాయి. బ్రెజిల్‌కి మొదటి ఓడ వెళ్ళింది 1908లో. కెనడాలో పేరున్న సైంటిస్ట్ డేవిడ్ సుజుకి పుట్టింది వాంకూవర్‌లోనే. బేస్‌బాల్ ఆడిన ఇచిరో సంగతి ఇంకా తమాషా. 1994లో జపాన్‌లోనే ఆయన జెర్సీ మీద సుజుకి తీసేసి ఇచిరో అని వేశారు. సుజుకిలు మరీ ఎక్కువైపోయారు మరి.

ఇప్పుడు మనకి పనికొచ్చే ముక్క. జపనీస్‌లో ఇంటిపేరే ముందు, సుజుకి ఇచిరో. అచ్చం నందమూరి తారక రామారావులాగే. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు వాళ్ళూ చాలాకాలం తిప్పి రాశారు. 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ పత్రాల్లో ఇంగ్లిష్‌లో కూడా ఇంటిపేరు ముందే రాస్తున్నారు.

నా కథ వేరే. మేడ్చల్‌లో ఒక నెట్ సెంటర్‌లో పాస్‌పోర్ట్‌కి అప్లై చేశాను. అతను సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి, అంతా గివెన్ నేమ్‌లో కొట్టేశాడు. నేనూ చూసుకోలేదు. అమెరికా వీసాలో ఏమైందంటే, మొత్తం పేరు సర్‌నేమ్‌లోకి వెళ్ళింది, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ పడింది. అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్. మా నాయనమ్మ ముద్దుగా పెట్టిన పేరు, 'తెలియదు' అయిపోయింది! అక్కడ ఆఫీసులో రెండేళ్ళు నన్ను 'ఫ్నూ' అని పిలిచారు. మొదట్లో నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. పాస్‌పోర్ట్ మార్పించుకునేదాకా అదే నా పేరు.

మీరు అప్లై చేసేటప్పుడు టెన్త్ మెమో పక్కన పెట్టుకోండి. ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో, ఇనిషియల్ కాదు, పూర్తిగా రాయండి. సబ్మిట్ నొక్కే ముందు స్క్రీన్ మీరే చదవండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో హోండా. ఆ ఇంటిపేరులోనూ వరి పొలమే ఉంది. ఉంటా మరి.