కనబడని కణమును పట్టించిన ద్రవ్యవేగము

తుపాకి పేల్చినవాని భుజమునకు దెబ్బ తగులును. గుండు ఎంత ద్రవ్యవేగముతో ముందుకు పోవునో, అంత ద్రవ్యవేగముతోనే తుపాకి వెనుకకు తన్నును. పేలకముందు రెండును కదలక యుండినవి గనుక వాటి మొత్తము ద్రవ్యవేగము సున్న. పేలిన పిదపను అది సున్నగనే యుండవలెను. ఉన్నత పాఠశాలలో నేర్పు ఈ సూత్రమే పరమాణువుకంటె సూక్ష్మమైన కణముల విషయమున గొప్ప అపరాధ పరిశోధకుని పని చేసినది.

1947లో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయమునకు చెందిన పావెల్, ఒక్కియలీని, లాటెస్ అనువారు ఫోటో ఎమల్షను దట్టముగా పూసిన పలకలను ఎత్తయిన కొండలపై నుంచి, వానిలో విశ్వకిరణములు విడిచిన జాడలను సూక్ష్మదర్శినితో పరిశీలించిరి. విద్యుదావేశముగల కణము ఎమల్షనులో పోయిన దారి వెంబడి, పలకను కడిగినపుడు, నల్లని వెండి రేణువులు బారుగా కనబడును. కొన్నిచోట్ల ఒక కణము క్రమముగా వేగము కోల్పోయి ఆగిపోయినది. ఆగిన చోటినుండియే మరియొక కణము బయలుదేరినది. మొదటిది పయాన్, రెండవది మ్యూఆన్.

ఆగియున్న పయాన్‌కు ద్రవ్యవేగము లేదు. దానినుండి పుట్టిన మ్యూఆన్‌కు ఉన్నది. మరి దానిని సరితూచునది ఏది? రెండవ వైపున జాడ యేమియు లేదు. అనగా విద్యుదావేశము లేని కణమేదో సరిగా ఎదురు దిక్కున పోయియుండవలెను.

ఒక్కటియేనా, ఇంకను ఎక్కువయా? దీనికి సమాధానము మ్యూఆన్ జాడ పొడవులోనే కలదు. ఏ పలకలో చూచినను అది రమారమి 0.6 మిల్లీమీటరు. విడుదలయగు శక్తి నిర్ణీతము. పంచుకొనువారు ఇద్దరే యైనచో ద్రవ్యవేగములు సమానముగను, ఎదురెదురుగను ఉండవలెను గనుక, పంపకమునకు ఒకే మార్గము కలదు. మూడవది చేరినచో పంపకము ఎన్ని విధములుగనైనను జరుగవచ్చును; అప్పుడు జాడలు పొట్టివి, పొడుగువి కలగలుపుగా నుండును. కావున అదృశ్య కణము ఒక్కటే. అది న్యూట్రినో.

ఇచ్చట విద్యార్థులు తరచుగా తికమక పడుదురు. ద్రవ్యవేగములు సమానమైనంత మాత్రమున శక్తులు సమానము కావు. 3 కిలోగ్రాముల తుపాకినుండి 10 గ్రాముల గుండు వెడలినచో, గుండు గతిశక్తి తుపాకి గతిశక్తికి 300 రెట్లుండును. తేలికదానికే పెద్ద వాటా! పయాన్ విఘటనములో పంపకమునకు వచ్చు శక్తి 33.9 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. అందులో మ్యూఆన్‌కు దక్కునది 4.1 మాత్రమే, తక్కిన 29.8 న్యూట్రినో తీసికొనిపోవును.

న్యూట్రినో వంటి కణము ఉండవచ్చునని 1930లోనే పౌలీ ఊహించెను. బీటా విఘటనములో శక్తి లెక్క కుదరకపోవుటయే ఆ యూహకు కారణము. అయితే రైన్స్, కోవన్ అనువారు అణు రియాక్టరు చెంత దాని ఉనికిని ప్రయోగపూర్వకముగా నిరూపించునప్పటికి 1956 వచ్చినది.

మ్యూఆన్ కథ వేరు. 1949లో మరింత సున్నితమైన ఎమల్షనులు వచ్చిన పిదప, ఆగిన మ్యూఆన్‌నుండి ఎలక్ట్రాన్ జాడ బయలుదేరుటయు కనబడెను. ఈ ఎలక్ట్రానుల శక్తి మాత్రము ఒక్కొక్కసారి ఒక్కొక్క విధముగా నుండును. అనగా ఈ తడవ అదృశ్యముగా తప్పించుకొనినవి ఒకటి కాదు, రెండు న్యూట్రినోలు. ఎలక్ట్రాన్‌కు గరిష్ఠ శక్తి ఎప్పుడు లభించును? న్యూట్రినోలు రెండును జతగా ఒకే దిక్కున పోయి, ఎలక్ట్రాన్ ఒంటరిగా ఎదురు దిక్కున పోయినపుడు. రెండు వైపుల ద్రవ్యవేగము సమము. ఇంత వేగముగా పోవు తేలిక కణములకు ద్రవ్యవేగము సమమైనచో శక్తియు దాదాపు సమమే. కావున మ్యూఆన్ ద్రవ్యరాశికి సరియగు 105.7 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులలో సగము, అనగా సుమారు 52.8, ఎలక్ట్రాన్‌కు రావలెను. ప్రయోగములలో కనుగొనిన గరిష్ఠ శక్తియు అదియే.