కిలోల్లో కొని గ్లాసుల్లో వండే లెక్క

విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్‌లో కందిపప్పు కాటా మీద తూగుతుంది. ఇంటికొచ్చాక అదే పప్పును గ్లాసుతో కొలిచి కుక్కర్లో వేస్తారు. బరువును కొలతగా మార్చే అంకె మాత్రం అన్నిటికీ ఒకటి కాదు. పదార్థం మారితే అదీ మారుతుంది.

కృష్ణా డెల్టాలో ఒకప్పుడు ఈ మార్పిడితో పెద్దగా పని ఉండేది కాదు. బియ్యం, పప్పులు, పాలు కొలిచే ఇచ్చేవారు. రెండు అరసోలలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. బెల్లం, చింతపండు వంటివి వీశెల్లో తూచేవారు. వీశె అంటే 120 తులాలు, అంటే ఇప్పటి లెక్కలో సుమారు 1.4 కిలోలు. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం వచ్చాక, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా కిలోలు అమల్లోకి వచ్చాయి. ధాన్యం కూడా ఇప్పుడు రైతు నోట 75 కిలోల బస్తాయే. వంటింట్లో మాత్రం సోల, తవ్వల చోటు స్టీలు గ్లాసుకు దక్కింది.

లెక్కకు ఆధారం నీళ్లు. ఒక మిల్లీలీటరు నీళ్లు ఒక గ్రాము తూగుతాయి. నూనె అంతకన్నా తేలిక. లీటరు నూనె ప్యాకెట్ మీద బరువు 910 గ్రాములని ఉండేది అందుకే. 200 మిల్లీలీటర్ల గ్లాసును అంచు సమంగా నింపితే బియ్యం, కందిపప్పు, పంచదార ఇంచుమించు 165 గ్రాములు తూగుతాయి. బొంబాయి రవ్వ 140 దాకా, మైదా 105 దాకా వస్తాయి. తేనె 280 దాటుతుంది. గింజల మధ్య, పొడి రేణువుల మధ్య ఎంత గాలి నిలిచిందన్నదే ఈ తేడాలకు ముఖ్య కారణం. జల్లించిన మైదా ఒక తూకం, డబ్బాలో అణిగిన మైదా మరో తూకం. అందుకే పిండి విషయంలో గ్లాసును పూర్తిగా నమ్మకూడదు.

ఈ తేడా గట్టిగా తెలిసేది ఆవకాయ దగ్గర. ముక్కలు నాలుగు గిన్నెలైతే కారం, ఆవపిండి, ఉప్పు తలో గిన్నె అన్నవి చాలా ఇళ్లలో వాడే పాళ్లు. ఇవి కొలత పాళ్లు, తూకం పాళ్లు కావు. 200 మిల్లీలీటర్ల గిన్నెడు కారం 100 గ్రాముల చుట్టుపక్కల ఉంటే, ప్యాకెట్లో వచ్చే మెత్తటి ఉప్పు అదే గిన్నెతో 240 గ్రాములు తూగుతుంది. సమపాళ్లే కదా అని కిలో కారానికి కిలో ఉప్పు కొంటే, కారం పది గిన్నెలవుతుంది, ఉప్పు నాలుగు గిన్నెలకు కాస్త పైన మాత్రమే వస్తుంది. ఉప్పు చాలని ఊరగాయ నిలవ ఉండదు. పైగా పాతకాలపు పాళ్లు కల్లుప్పును ఎండబెట్టి దంచి వాడిన రోజులవి. ఆ ఉప్పు కాస్త బరకగా ఉండి గిన్నెలో తక్కువ తూగేది. మెత్తటి ఉప్పు వాడేవారు గిన్నెను వెలితిగా నింపడంలో అర్థం ఉంది. నూజివీడు చిన్నరసాల ముక్క సైజు కూడా లెక్కలోకి వస్తుంది. పెద్ద ముక్కల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి గిన్నెలో కాయ తగ్గుతుంది.

విదేశాల్లోని తెలుగువారికి మరో చిక్కు. అమెరికా వంటల పుస్తకంలోని కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు. జపాన్ పద్ధతి రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180. ఈ చిన్న కప్పుతో బియ్యం కొలిచి, పెద్ద కప్పుతో రెండింతలు నీళ్లు పోస్తే అన్నం మెత్తబడుతుంది. బియ్యానికీ నీళ్లకూ ఒకే పాత్ర వాడితే ఏ కప్పయినా ఇబ్బంది లేదు. ఇడ్లీకి ఒక గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల రవ్వ అన్నప్పుడూ అంతే.

ఇంట్లో గ్లాసు ఎంత పడుతుందో తెలియకపోతే చిన్న డిజిటల్ కాటా చాలు. ఖాళీ గ్లాసును కాటాపై పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, అంచుదాకా నీళ్లు పోయాలి. అప్పుడు కనిపించే గ్రాములే ఆ గ్లాసు మిల్లీలీటర్లు. తర్వాత తుడిచి, రోజూ వాడే బియ్యం, పప్పు, ఉప్పు, కారం ఒక్కొక్కటీ అదే గ్లాసుతో తూచి, ఆ అంకెను డబ్బా మూత మీద రాసుకోవచ్చు.