వరద తీసిన పిదప ఆస్పత్రి

వరద తీసిన తరువాత గృహస్థుడు నేల కడిగించి, గోడలకు సున్నము కొట్టించి, తిరిగి కాపురము పెట్టును. ఇంటికి ఇంతమాత్రము చాలవచ్చును గాని ఆస్పత్రికి చాలదు. ఏలయన, ఇంటిలో మసలువారు సాధారణముగా ఆరోగ్యవంతులు. ఆస్పత్రిలో శయనించువారు శస్త్రచికిత్స పొందినవారు, పురిటి బిడ్డలు, రోగమును ఎదిరించు శక్తి క్షీణించినవారు. నీరు తీసినది కదా యని వారిని వెంటనే ఆ గదులలోనికి చేర్చుట వైద్యము కాదు, దుస్సాహసము.

ఈ విపత్తు తెలుగువారికి క్రొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచినపుడు అఫ్జల్‌గంజ్ ఆస్పత్రియు దెబ్బతిన్నది. ఆ ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని నగరవాసులు నేటికిని చెప్పుకొందురు. పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై వరదను అరికట్టుటకు జలాశయములు వెలసినవి. నది యొడ్డుననే ఉస్మానియా ఆస్పత్రి భవనము లేచినది. అయినను 2020 జూలైలో, కరోనా ప్రబలియున్న దినములలో, మురుగుతో కలిసిన వాననీరు ఆ భవనపు వార్డులలో ప్రవేశించినది. అప్పటికే శిథిలావస్థలోనున్న ఆ భవనమును ఆ నెలలోనే ఖాళీ చేయించిరి. నూతన ఆస్పత్రికి గోషామహల్‌లో శంకుస్థాపన జరిగినది 2025 జనవరిలో. నీరు నిలిచినది కొలది దినములు. దాని పర్యవసానము ఏండ్ల తరబడి సాగినది.

నీరు చేయు హాని కంటికి కనబడునది కొంత, కనబడనిది కొండంత. తడిసిన చెక్కలోను, పరుపులలోను, పైకప్పు పలకలలోను 24 మొదలు 48 గంటలలో బూజు పుట్టును. ఆస్పర్జిల్లస్ అను బూజు ఆరోగ్యవంతుని సాధారణముగా ఏమియు చేయదు. కాన్సరు చికిత్స పొందుచున్న వాని ఊపిరితిత్తులలో చేరినచో ప్రాణమునకే ముప్పు. వాడక లేక గొట్టములలో నిలిచిపోయిన నీటిలో లీజియోనెల్లా అను సూక్ష్మజీవి పెరిగి, కుళాయి తిప్పినపుడు తుంపరలతో గాలిలో కలియును. గోడ పైకి ఆరినట్లు కనబడినను లోపల తేమ వారముల తరబడి నిలువవచ్చును. దానిపై రంగు పూయుట పుండుపై పట్టువస్త్రము కప్పుట వంటిది.

కావున పునరుద్ధరణమునకు ఒక వరుస కలదు. మొదట ఇంజనీరు కట్టడపు బలమును, విద్యుత్తు తీగలను పరీక్షింపవలెను; అంతవరకు ఎవ్వరును మీట నొక్కరాదు. తరువాత బురదను పూర్తిగా తొలగించి, సబ్బునీటితో కడిగి, అటుపిమ్మటనే క్రిమిసంహారక ద్రవ్యములు వాడవలెను. బురదపై చల్లిన బ్లీచింగు ఆ మాలిన్యముతోనే వ్యయమైపోవును. మురుగు తాకిన పరుపులను, దూదిని, మందులను నిర్దాక్షిణ్యముగా పారవేయవలెను. తేమను కొలుచు పరికరముతో గోడలను పరీక్షించి, ఆరినవని తేలిన పిదపనే పూత వేయవలెను. ప్రాణవాయువు గొట్టములను, గాలి మార్గములను, రక్తశుద్ధి యంత్రములకు పోవు నీటిని, శస్త్రములను శుద్ధిచేయు ఆటోక్లేవులను వేరువేరుగా పరీక్షింపవలెను. మరమ్మతు జరుగుచున్న భాగమునుండి దుమ్ము రోగులున్న భాగమునకు పోకుండ గట్టి అడ్డుతెర కట్టవలెను.

ఇంత జాగ్రత్త చేయుచు కూర్చుండిన బీదవాడు ఎచ్చటికి పోవునని కొందరు ప్రశ్నింతురు. ఈ ప్రశ్న న్యాయమైనది. ధనికునకు పట్టణములో పది ఆస్పత్రులు కలవు. కూలివానికి సర్కారు ఆస్పత్రి యొక్కటే దిక్కు. మూసియుంచిన ఆస్పత్రియు ప్రాణములు తీయును, తొందరపడి తెరచిన ఆస్పత్రియు ప్రాణములు తీయును. ఈ రెంటి నడుమ మార్గము క్రమముగా తెరచుటయే. నీరు చేరని అంతస్తులో, అచ్చటి విద్యుత్తు, నీరు, గాలి పరీక్షలో నిలిచిన పిదప, మొదట అత్యవసర చికిత్సను, కాన్పులను ప్రారంభింపవచ్చును. శస్త్రచికిత్సా గదులు, తీవ్ర చికిత్సా విభాగములు అన్ని పరీక్షలును ముగిసిన పిదపనే తెరువవలెను. తక్కిన రోగులను పొరుగు ఆస్పత్రులకు చేర్చుటకు బండ్లను, పడకలను ముందే నిర్ణయించియుంచవలెను.

అయితే తెరువవచ్చునని చెప్పవలసిన వారెవరు? ప్రారంభోత్సవమునకు తొందరపడు అధికారి కాదు. బిల్లు కొరకు వేచియుండు కంట్రాక్టరు అసలే కాదు. అంటువ్యాధుల నివారణ తెలిసిన వైద్యుడు, ఇంజనీరు, దాదుల పెద్ద కలిసి సంతకము చేసిన పత్రము ఉండవలెను. ఆ పత్రము ఆస్పత్రి గుమ్మమున ప్రజలు చదువుకొనునట్లు అంటింపబడవలెనని మా అభిప్రాయము.

అన్నిటికంటె మేలైనది ముందుచూపు. 2018లో పాట్నాలోని నలందా వైద్య కళాశాల ఆస్పత్రియందు వాననీటితో పాటు చేపలు తీవ్ర చికిత్సా విభాగములోనికి వచ్చినవి. జనరేటరును, మందుల కొట్టును, రోగుల దస్తరములను నేలమాళిగలో ఉంచి, వాన కురిసినపుడు దైవమును నిందించుట వివేకము కాదు. వాటిని పై అంతస్తునకు చేర్చుటకు అగు వ్యయము ఒక్క వరద చేయు నష్టముతో పోల్చినచో స్వల్పము. కాలువలను ఆక్రమించి మేడలు కట్టినవారిలో పలుకుబడిగల పట్టణవాసులును, భూస్వాములును లేకపోలేదు. ఆస్పత్రిలోనికి వచ్చిన నీరు మొదట ఎవరి గుమ్మము ముందు దారి తప్పినదో మనలో ప్రతివాడును విచారించుకొనుట మంచిది.